గుడి విప్పే ముందు ఆ రాళ్ళు చదివించండి

ఊరూరా ఆలయ పునర్నిర్మాణ కమిటీల పెద్దలకు, సర్పంచులకు, అర్చకులకు, విరాళాలిచ్చే దాతలకు నమస్కారం.

ఇలాంటి ఉత్తరం పురావస్తు శాఖకు రాయాలి గానీ మాకెందుకు అని మీకు అనిపించొచ్చు. కావాలనే మీకు రాస్తున్నాను. రామప్ప గుడి ముందు, లేపాక్షి గుడి ముందు కేంద్ర శాఖ వారి నీలం బోర్డు ఉంటుంది. ఆ బోర్డున్న కట్టడాన్ని 1958 నాటి చట్టం కాపాడుతుంది. దాని చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త కట్టడం కట్టనివ్వరు, ఆ పైన ఇంకో రెండు వందల మీటర్ల వరకు అనుమతి లేకుండా ఇటుక పెట్టనివ్వరు. మీ ఊరి చెరువు గట్టు మీది శివాలయానికి ఆ బోర్డు లేదు. తెలుగునాట పాత గుళ్ళలో చాలా వాటికి లేదు. వాటిని ఉంచాలా, విప్పాలా, రంగెయ్యాలా అన్నది ఏ అధికారీ తేల్చడు. ఒక సాయంత్రం గుడి అరుగు మీద పది మంది కూర్చుని మీరే తేలుస్తారు. మన వారసత్వంలో ఎక్కువ భాగం భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది కాబట్టే మీతో మాట్లాడాలి.

నేను జీర్ణోద్ధరణకు వ్యతిరేకిని కాను. గుడి అంటే పూజ జరిగే చోటు. కప్పు కారుతుంటే, గోడ నెర్రెలు విచ్చుతుంటే బాగు చేసుకోవాల్సిందే. మన పూర్వీకులూ చేశారు, చేశామని శాసనాల్లో గర్వంగా చెప్పుకున్నారు. ఊరు విడిచి హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన వాళ్ళు పుట్టిన ఊరి గుడికి లక్షలు పంపుతున్నారంటే అది మంచి మనసే. నా బాధంతా ఆ డబ్బు వచ్చాక జరుగుతున్న పని గురించి.

పాత గుళ్ళు చూడ్డానికి ఊళ్ళు తిరిగేవాణ్ణి. తిరిగినకొద్దీ ఒకే రకం దృశ్యం కనిపిస్తోంది. స్తంభాలకు మెరిసే ఎనామెల్ పెయింటు, ద్వారబంధం మీది గజలక్ష్మికి గులాబీ రంగు, గర్భాలయం గోడలకు స్నానాల గదుల్లో వేసే టైల్స్. మురికి వదలాలని గాలి యంత్రంతో ఇసుక కొట్టిస్తే మురికితో పాటు రాతి పైపొర కూడా లేచిపోయి, శిల్పం ముక్కూ వేళ్ళూ నగల గీతలూ అరిగిపోతాయి. గుడి వెనక రాళ్ళ కుప్పలో వీరగల్లు బోర్లా పడి ఉంటుంది. ఊరి ఆవులమందను కాపాడబోయి చచ్చిపోయిన మనిషి కోసం ఊరంతా కలిసి నిలబెట్టుకున్న రాయి అది. కొన్ని చోట్ల అది కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కునే బండ అయింది. శాసనం ఉన్న రాయి మెట్టుగా మారి, అక్షరాలు నేల వైపుకో అడుగుల కిందికో పోయాయి. ఒక ఊళ్ళో శాసనం ఏదని అడిగితే, సిమెంటు ధ్వజస్తంభం దిమ్మె చూపించి 'దాని లోపల ఉందండీ' అన్నారు. పునాదికి రాయి తక్కువైతే అందులో వేసేశారట. చెప్పినవాళ్ళలో కావాలని చెడగొట్టిన వాళ్ళు ఒక్కరూ లేరు. అది ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే ముందు అది ఏమిటో చెప్పనివ్వండి.

బాపట్ల జిల్లాలో మోటుపల్లి అని సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతి గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. 1244 ప్రాంతానిది. సారాంశం ఇది: గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇంతకు ముందు రాజులు బలవంతంగా తీసుకునేవారు, మేం తీసుకోము, ప్రాణం కన్నా ధనం గొప్పదనుకుని సముద్రం దాటి వచ్చే వర్తకులకు నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది వదిలేస్తాం, అభయం ఇస్తున్నాం. ఏ సరుకు మీద ఎంత సుంకమో కూడా చెక్కించాడు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట తెలుగు తీరానికి ఏ సరుకులు వచ్చేవో, రాజు వ్యాపారాన్ని ఎలా చూసేవాడో మనకు తెలిసిందంటే ఆ రాయి వల్లే.

రామప్ప సంగతి చూడండి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, అందరం పండగ చేసుకున్నాం. దాన్ని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని పిల్లలు కూడా చెప్పగలుగుతున్నది ఆవరణలో శాసనం రాయి నిలబడి ఉండబట్టి. అది ఎవరి ఇంటి మెట్టో అయి ఉంటే ఆ పేరూ లేదు, ఆ తేదీ కూడా లేదు.

కడప జిల్లా కలమళ్ళ అనే ఊళ్ళో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోని శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలపుది. పూర్తిగా తెలుగులో ఉండి మనకు దొరికిన మొట్టమొదటి శాసనంగా పండితులు చెబుతున్నది దాన్నే. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. ఆయన కన్నడ మహాకవి పంపడి తమ్ముడు. నన్నయ కన్నా దాదాపు వందేళ్ళ ముందే తెలుగులో కందం నడిచిందని ఆ గుట్ట రాయి సాక్ష్యం చెబుతోంది. గ్రానైట్ క్వారీలకు పేరుపడ్డ జిల్లాలో ఒక గుట్ట మీద అది మిగలడం మన అదృష్టమే. 2008లో మన భాషకు ప్రాచీన హోదా వచ్చిందని సంతోషపడ్డాం కదా. భాష ఎంత పాతదో చూపించడానికి ఇలాంటి రాళ్ళ కన్నా గట్టి ఆధారం ఏముంది?

ఇవన్నీ రాజుల కథలే కదా అంటారేమో. గుడి శాసనాల్లో చాలావాటిని చదివి చూడండి. ఫలానా అమ్మ తన తల్లి పుణ్యం కోసం అఖండ దీపం పెట్టించింది. దానికి గొర్రెలనో ఆవులనో ఫలానా బోయకు అప్పగించారు. అతనూ అతని కొడుకులూ మనవలూ రోజూ మానెడు నెయ్యి గుడికి పొయ్యాలి. గుడిలో ఆడిపాడే సాని పేరు, పూలు కట్టేవాడికిచ్చిన పొలం, ఆ పొలానికి తూర్పున ఉన్న పుట్ట, పడమటనున్న చింతచెట్టు, ఉత్తరాన పారే వాగు అన్నీ ఉంటాయి. ఏ పురాణంలోనూ ఏ కావ్యంలోనూ ఈ మనుషుల పేర్లు రాలేదు. మీ ఊరి మనుషుల పేర్లు, మీ ఊరి పొలాల పేర్లు ఆ రోజుల్లోనే రాసి పెట్టిన కాగితం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

వీటన్నిటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం పోరుమామిళ్ళ చెరువు శాసనం. అది కూడా కడప జిల్లాదే. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి, అక్కడి భైరవుడి గుడి ముందు రాతి మీద ఆ సంగతి చెక్కించాడు. సంస్కృతంలో ఉంది. రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి వంద బండ్లు నడిచాయని, రెండేళ్ళు పట్టిందని రాశారు. అంతటితో ఆగకుండా మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పారు. నీటి విద్య తెలిసినవాడు ఉండాలి, గట్టి నేల కావాలి, తియ్యటి నీళ్ళ ఏరు దూరం నుంచి పారి రావాలి, రెండు కొండల నడుమ రాతికట్ట మరీ పొడుగు కాకుండా దిట్టంగా ఉండాలి, దగ్గర్లో రాతిగని ఉండాలి, కట్ట వెయ్యడంలో చెయ్యి తిరిగిన మనుషులు కావాలి. తర్వాత ఆరు దోషాలు చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు పడడం, చెరువు నడుమ మిట్ట, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై పొలం తక్కువ కావడం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టొద్దన్న మాట చదివినప్పుడల్లా ఆశ్చర్యపోతాను. ఈనాటి నీళ్ళ తగాదాలు చూస్తూ దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆరున్నర వందల ఏళ్ళ నాటి ఇంజినీరింగ్ పాఠం ఒక గుడి ముందు రాతి మీద ఉంది. ఆ గుడికి టైల్స్ వేయాలని ఎవరో పూనుకుని, అడ్డమని ఆ పలకలు తీసేసి ఉంటే మనం ఏం పోగొట్టుకునేవాళ్ళమో ఊహించండి. పోయిందని కూడా మనకు తెలిసేది కాదు.

వారసత్వం అంటే ఎంతవరకు అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. గర్భగుడి, గోపురం అంతవరకేనా? మన పెద్దలు అలా అనుకోలేదు. మనిషి తన తర్వాత విడిచిపెట్టి వెళ్ళే వాటిని సప్తసంతానాలు అన్నారు: చెరువు, నిధి, అగ్రహారం, దేవాలయం, తోట, కావ్యం, కొడుకు. గుడి వాటిలో ఒక్కటి మాత్రమే. నీళ్ళూ చెట్లూ పద్యమూ దానితో సమానంగా లెక్కకొచ్చాయి. రామప్ప కట్టినవాళ్ళు గుడితో పాటు చెరువూ కట్టారు, ఆ చెరువు కింద ఇప్పటికీ పంట పండుతోంది. యునెస్కో 1972లో కట్టడాలకు, ప్రకృతి ప్రదేశాలకు ఒప్పందం రాసుకుంది. పాటా ఆటా చేతిపనీ కూడా వారసత్వమేనని ఇంకో ఒప్పందం రాసుకోవడానికి 2003 వరకు పట్టింది. మనకు ఆ ఆలోచన శతాబ్దాల కిందటే ఉంది. గుడికి కొత్త ప్రహరీ కట్టడానికి కోనేరు పూడ్చినా, పార్కింగ్ కోసం రావిచెట్టు కొట్టినా మీరు తీసేసింది వారసత్వంలో భాగాన్నే.

రాయి, పాట వేర్వేరు అనుకోవడం కూడా సరికాదు. కాకతీయుల కాలపు పేరిణి నాట్యం ఎప్పుడో మరుగున పడింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని రాసిన నాట్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళిని ఒక చేత్తో పట్టుకుని, రామప్ప గుడి గోడల మీది నర్తకుల భంగిమలు చూసి దాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఆ శిల్పాలకు ఇసుక కొట్టి ఉంటే పాదం ఎటు తిరిగిందో, చెయ్యి ఏ ముద్ర పట్టిందో తెలిసేది కాదు.

అసలు రాయే లేని వారసత్వం కూడా మన దగ్గర చాలా ఉంది. మేడారం సమ్మక్క సారలమ్మల కథను కోయల కథాగాయకులైన డోలీలు తరతరాలుగా పాటలోనే దాచారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చింది అందుకే. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి మనిషి పోయినప్పుడు ఆయన నోట ఉన్నదాంట్లో ఎవరూ నేర్చుకోనిది, ఎవరూ రికార్డు చెయ్యనిది ఆయనతోనే పోతుంది. పల్నాడులో కారెంపూడి వీరుల గుడి దగ్గర కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. వీరవిద్యవంతులు కథ పాడతారు, చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడన్న జ్ఞాపకం ఆ అన్నంతో పాటు ఏటా వడ్డిస్తున్నారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండగకు వచ్చే జనంలో ఎవరు హిందువో ఎవరు ముస్లిమో అడిగేవాళ్ళుండరు. రాజ్యాంగంలో 51ఎ అధికరణం మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని విలువనిచ్చి కాపాడుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. ఉమ్మడి అన్న మాటకు గూగూడు కన్నా మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

దీనికీ కమిటీకీ సంబంధం ఉంది. గుడి కమిటీలో ఎవరుంటారో మీకు తెలుసు. ఊళ్ళో భూమి, మాట ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళకు కనిపించిందే కాపాడాల్సిందిగా లెక్కకొస్తుంది. ప్రతిష్ఠ నాడు డీజే వస్తుంది, సినిమా పాటల ఆర్కెస్ట్రా వస్తుంది. తాతల నాటి నుంచి ఆ గుడి సేవలో సన్నాయి ఊదిన కుటుంబాన్ని, డప్పు కొట్టిన వాడవాళ్ళను, ఊరి కులాల కథలు పటం విప్పి చెప్పే వాళ్ళను పిలవడం మర్చిపోతారు. ముత్యాలమ్మ గద్దె, బొడ్రాయి, పీర్ల చావడి రోడ్డు వెడల్పులో పోతే పెద్దగా గొడవ రాదు. ఊరి వారసత్వం ఏమిటో తేల్చేటప్పుడు ఆ మనుషులు కూడా అరుగు మీద కూర్చోవాలి. కుప్పలో పడున్న ఫలానా రాయి ఏమిటో చాలాసార్లు వాళ్ళకే తెలుస్తుంది. దానికి ఏటా పసుపు రాసేది వాళ్ళే కాబట్టి.

ఒక్క తరం తెలియక చేసిన పనికి ఎంత మూల్యం చెల్లించామో అమరావతి చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు రాజధానిని అమరావతికి మార్చుకుని పట్నం కట్టిస్తున్నారు. ఊరి పక్కన దీపాలదిన్నె అనే దిబ్బ ఉంది. రాయి కోసం దాన్ని తవ్వితే తెల్లటి చెక్కడపు పలకలు బయటపడ్డాయి. అది బౌద్ధ మహాస్తూపమని అప్పట్లో ఎవరికీ తెలియదు. కొన్ని పలకలు ఇళ్ళకూ మెట్లకూ వాడారు, చాలావాటిని కాల్చి సున్నం చేశారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి, అక్కడ నుంచి 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. ఈనాడు బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా అమరావతి శిల్పాలున్నాయి. తెల్లవాళ్ళు పట్టుకుపోయారని మనం బాధపడతాం, ఆ బాధ న్యాయమే. కానీ సున్నపు బట్టీలో కాలినవాటికి ఏ మ్యూజియం చిరునామా లేదు. వెంకటాద్రి నాయుడు గారు గుళ్ళు కట్టించిన భక్తుడు, దానధర్మాల్లో పేరుపడ్డ మనిషి. ఆయన్ను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. మంచివాళ్ళ చేతుల మీదుగానే, మంచి పని జరుగుతుండగానే ఇంత నష్టం జరిగిందని మీరు గుర్తించాలని చెబుతున్నాను.

అదే మెకంజీ దగ్గర కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే తెలుగు అన్నదమ్ములు పనిచేశారు. ఊరూరా కరణాల చేత ఆ ఊరి చరిత్ర, గుళ్ళు, చెరువులు, ఉన్న శాసనాలు రాయించి పోగుచేశారు. అవే కైఫీయతులు. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది. మీ ఊరి కైఫీయతు ఉందేమో వెతికించండి. రెండు వందల ఏళ్ళ కిందట మీ గుడిలో ఏమేం ఉండేవో అందులో దొరకొచ్చు. ఇప్పుడు ఏవి లేవో కూడా తెలిసిపోతుంది.

ఇక మన పూర్వీకులు పాత గుడి విప్పినప్పుడు ఏం చేశారో చూద్దాం. పదమూడో శతాబ్దంలో తిరుమల ఆలయ విమానాన్ని పునర్నిర్మించేటప్పుడు పాత గోడల మీదున్న శాసనాలను కొత్త గోడ మీద మళ్ళీ చెక్కించారు. పాత రాతి మీది శాసనానికి ఇది నకలు అని ఆ కొత్త రాతి మీదే రాయించారు. కెమెరా లేని రోజుల్లో, సుత్తీ ఉలీ పట్టుకుని అక్షరం అక్షరం. ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో ఇచ్చిన దీపం, ఎవరో ఇచ్చిన పొలం కొత్త గోడ కట్టినంత మాత్రాన చెల్లిపోకూడదని వాళ్ళు అనుకున్నారు. మన కాలంలోనూ ఉదాహరణ ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, ఆ రాళ్ళతోనే అలంపురంలో తిరిగి నిలబెట్టారు. విప్పడం తేలిక, తిరిగి నిలపడం కష్టం అన్నదానికీ ఉదాహరణ ఉంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పాక, తిరిగి భక్తులకు తెరిచేసరికి 2024 శివరాత్రి వచ్చింది. ఆలోపు ఒక తరం పిల్లలు పెద్దవాళ్ళయ్యారు.

దాతలతో ఒక మాట. మన దానశాసనాల చివర తరచూ కనిపించే శ్లోకం ఉంది: 'దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్'. దానం ఇవ్వడం, ఇచ్చినదాన్ని కాపాడడం, ఈ రెండిట్లో కాపాడడమే గొప్పదని. ఇంకో శ్లోకం, తాను చేసిన దానం కన్నా ఇతరుల దానాన్ని కాపాడితే రెట్టింపు పుణ్యం అంటుంది. ఇవి పండితులు ఇంట్లో చదువుకోవడానికి రాసుకున్నవి కావు, తర్వాత వచ్చే మనలాంటి వాళ్ళను ఉద్దేశించి బహిరంగంగా రాతి మీద చెక్కించినవి. మీరు లక్ష రూపాయలిస్తే గుడి గోడకు చలవరాతి పలక మీద మీ పేరు, మీ తల్లిదండ్రుల పేర్లు వేస్తారు. వెయ్యాలి కూడా. అది ఈ కాలపు శాసనం. అదే గుడికి ఏడొందల ఏళ్ళ కిందట దీపం పెట్టించిన అమ్మ పేరు మీద టైల్ అంటించవద్దని కోరే హక్కు అందరికన్నా మీకే ఎక్కువ. విరాళం ఇచ్చేటప్పుడే ఆ షరతు పెట్టండి. డబ్బు ఇచ్చేవాళ్ళ మాట కమిటీ వింటుంది.

చెయ్యాల్సిన పని మీరనుకున్నంత పెద్దది కాదు. పని మొదలుపెట్టక ముందు గుడి నాలుగు వైపులా, లోపలా, కప్పూ, ప్రతి స్తంభం, ప్రతి విడిరాయి ఫోన్‌తో ఫొటోలు తీయించండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుతురులో తీస్తే అరిగిన అక్షరాలు కూడా పైకి కనిపిస్తాయి. సున్నం పూతల కింద అక్షరాలుండొచ్చు. ఇనుప బ్రష్షు, యాసిడ్ పెట్టకండి. నీళ్ళూ మెత్తటి బ్రష్షూ చాలు. జిల్లాలో పురావస్తు శాఖ సహాయ సంచాలకుల కార్యాలయానికి ఉత్తరం రాయండి, దగ్గర్లోని విశ్వవిద్యాలయం చరిత్ర విభాగానికి ఫోన్ చేయండి. మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ వారి శాసన విభాగం ఉంది, శాసనాల నకళ్ళు తీసి చదవడమే వాళ్ళ పని. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దితే అక్షరాలు తెల్లగా లేస్తాయి. రాతికి ఏ హానీ జరగదు. జిల్లాల్లో ఊళ్ళు తిరిగి శాసనాలు చదివే ఔత్సాహికులు కూడా ఉన్నారు. పిలిస్తే చాలామంది సొంత ఖర్చుతో వస్తారు.

నిర్మాణంలో సిమెంటు తగ్గించండి. పాత గుళ్ళు డంగుసున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. రాతి సందుల్లో సున్నం తేమను లోపలికీ బయటికీ పోనిస్తుంది. సిమెంటు, ఎనామెల్ ఆ దారి మూసేస్తాయి. లోపల చిక్కిన తేమ ఉప్పును పైకి తెచ్చి రాతి పొరల్ని ఊడగొడుతుంది. మేస్త్రీలకు తెలియదనకండి, డంగుసున్నం పని వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు పని ఇస్తేనే ఆ విద్య కూడా బతుకుతుంది. పునాది తవ్వుతుంటే రాగిరేకులో నాణేలో విగ్రహాలో బయటపడితే తహసీల్దారు ద్వారా కలెక్టరుకు తెలియజేయాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. రాగిరేకులు తుక్కు కింద తూకానికి పోతే ఒక రాజవంశం చరిత్రే పోవచ్చు.

మీకున్న భయం నాకు తెలుసు. శాఖవాళ్ళకు చెబితే పని ఆపేస్తారు, గుడి లాగేసుకుంటారు అని చాలా ఊళ్ళలో చెవిలో చెబుతారు. శాసనం చదివించినంత మాత్రాన గుడి రక్షిత కట్టడం అయిపోదు. కేంద్ర చట్టం ప్రకారం అలా ప్రకటించాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే ప్రకటించాలి. రహస్యంగా జరిగేది కాదు. అయితే ఈ భయం ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. ఉత్తరం రాస్తే నెలల తరబడి జవాబు రాకపోవడం, వచ్చినవాళ్ళు వద్దని చెప్పి ఏం చెయ్యాలో చెప్పకుండా వెళ్ళడం జరుగుతోంది. ముహూర్తం పెట్టుకున్న ఊరు ఎన్నాళ్ళు ఆగుతుంది? దేవాదాయ శాఖ సర్వశ్రేయో నిధి నుంచి డబ్బు మంజూరు చేసేటప్పుడే శాసనాల నకళ్ళు తీయించారా, పాత శిల్పాల జాబితా ఉందా అని అడగాలి. ఆ పని అయ్యాకే మొదటి విడత విడుదల చెయ్యాలి. ఈ నియమం ఒక్కటి పెడితే సగం సమస్య తీరుతుంది. ఈ ఉత్తరం చదివే అధికారులెవరైనా ఉంటే దయచేసి ఇది ఆలోచించండి.

శాస్త్రం ఒప్పుకోదని కొందరు స్థపతులు అంటారు. భిన్నమైన, అంటే విరిగిన విగ్రహం పూజలో ఉండకూడదన్నది ఆగమం మాట, అందులో వాదనకు దిగను. పూజలో లేకపోతే ఆవరణలో ఒక పక్కన, నీడలో, నేలకు కాస్త ఎత్తున నిలబెట్టవచ్చు కదా. బావిలోనో ఏట్లోనో వేయాల్సిన పని లేదు. చిన్న రేకుల షెడ్డు వేసి, వీరగల్లులు, విరిగిన నందులు, శాసనాలు వరసగా నిలబెట్టి, ఏది ఏమిటో తెలుగులో రాయించిన ఊళ్ళు ఉన్నాయి. బడి పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తున్నారు. అందుకైన ఖర్చు ముఖద్వారం తోరణం మీది బొమ్మల ఖర్చులో పదో వంతు కూడా ఉండదు.

అందుకని కోరేది ఇది. మీ కమిటీ తీర్మానాల పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకోండి: ఈ గుడిలో, ఆవరణలో, చెరువు గట్టున, ఊళ్ళో ఉన్న ఏ పాత రాయినీ ఫొటో తీసి, చదివించి, జాబితాలో ఎక్కించకుండా కదపం. గుడికి సంబంధించిన పాటలు, కథలు, వాద్యాలు తెలిసిన పెద్దవాళ్ళ మాట ఫోన్‌లో రికార్డు చేయిస్తాం. ఆ జాబితా ఒక కాపీ పంచాయతీలో, ఒక కాపీ బడిలో ఉంచుతాం.

పని ఇప్పటికే మొదలైపోయి ఉంటే, ఇవాళే మేస్త్రీతో మాట్లాడి మిగిలిన పాత రాళ్ళను ఒక పక్కన పెట్టించండి. ట్రాక్టర్‌లో వెళ్ళిపోయినవి ఎక్కడ దింపారో డ్రైవర్‌కు గుర్తుండే ఉంటుంది, అడగండి. వానాకాలం వచ్చి వాటి మీద మట్టి పడక ముందే వెళ్ళి తెచ్చుకోండి.

ఇట్లు,
శాసనాల కోసం ఊళ్ళు తిరిగే ఒక తెలుగు మాస్టారు